ప్రొఫెసర్ లేటన్ వెళ్ళిన వింత ఊరు: కథతో నడిచే చిక్కుప్రశ్నల ఆట

‘ప్రొఫెసర్ లేటన్ అండ్ ద క్యూరియస్ విలేజ్’ అనే వీడియో గేమ్ 2007 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైంది. 2008 ఫిబ్రవరిలో అమెరికాకీ, అదే ఏడాది నవంబరులో యూరప్‌కీ ఇంగ్లీషులో వచ్చింది. నింటెండో డీఎస్ అనే, అరచేతిలో ఇమిడే రెండు తెరల ఆటపెట్టె కోసం తయారు చేసిన గేమ్ ఇది. ఇందులో తుపాకులు లేవు, కార్ల పందేలు లేవు, గెంతులు లేవు. పొడుగాటి టోపీ పెట్టుకున్న ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు, ఆయన వెంట శిష్యుడు ల్యూక్ అనే కుర్రవాడు, వాళ్ళిద్దరూ వెళ్ళిన ఒక మారుమూల ఊరు. ఆ ఊళ్ళో ఎవరిని పలకరించినా జవాబుకి బదులు ఒక చిక్కుప్రశ్న వేస్తారు. విప్పితే కథ ముందుకి జరుగుతుంది.

ఇన్నేళ్ళ తరవాత ఈ ఆట గురించి రాయడానికి కారణం ఉంది. “మావాడు గేమ్ కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు, బుర్రకి పనికొచ్చేది ఏదైనా ఉందా?” అని అడిగే తల్లిదండ్రులకి స్నేహితులు చెప్పే పేర్లలో ఇది ఇప్పటికీ ఒకటి. మలేషియాలో మా తెలుక్ ఇంటాన్‌లో అయినా, న్యూజెర్సీలో అయినా, సింగపూర్‌లో అయినా మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఒకటే. కాబట్టి ఈ ఆటలో నిజంగా ఏముంది, ఏం లేదు అన్నది కాస్త వివరంగా చూద్దాం. కథ ముగింపు మాత్రం చెప్పను, నిర్భయంగా చదవవచ్చు.

ఎవరు చేశారు?

దీన్ని తయారు చేసిన కంపెనీ లెవెల్-5. జపాన్‌లోని ఫుకువోకా నగరంలో 1998లో మొదలైంది. దాని అధిపతి అకిహిరో హినో. 2005లో నింటెండో డీఎస్ మీద ‘బ్రెయిన్ ట్రెయినింగ్’ అనే గేమ్ వచ్చి, అంతవరకూ వీడియో గేమ్ ముట్టుకోని పెద్దవాళ్ళ చేత కూడా కూడికలూ తీసివేతలూ చేయించింది. అది చూసి ఎన్నో కంపెనీలు మెదడుకి మేత పేరుతో గేములు తెచ్చాయి. హినో కూడా ఆ గాలిలోనే బయలుదేరాడు గానీ, వట్టి లెక్కలు కాకుండా కథ కావాలనుకున్నాడు. అక్కడే ఆయన దారి వేరైంది.

చిక్కుప్రశ్నల కోసం ఆయన వెళ్ళింది అకిరా తాగో అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడి దగ్గరికి. చిబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన తాగో 1966లో ‘అతామా నో తైసో’ అనే పుస్తకం వేశాడు. తలకి కసరత్తు అని దాని అర్థం. అది జపాన్‌లో విపరీతంగా అమ్ముడుపోయి, తరవాత ఎన్నో సంపుటాలుగా పెరిగింది. హినో చిన్నప్పుడు ఆ పుస్తకాలు చదివి పెరిగినవాడే. చిన్ననాడు మురిపించిన పుస్తకాన్ని పెద్దయ్యాక గేమ్‌గా మలచడమన్నమాట. తాగో 2016లో కన్నుమూశాడు.

ఆట తీరు

బారన్ రైన్‌హోల్డ్ అనే ధనవంతుడు చనిపోతూ ఒక వీలునామా రాశాడు. ఊళ్ళో ఎక్కడో ‘బంగారు ఆపిల్’ ఉంది, దాన్ని కనిపెట్టినవారికే ఆస్తి అంతా. ఆయన భార్య డాలియా, ఆ చిక్కు విప్పమని లేటన్‌ని పిలిపిస్తుంది. ఊరి పేరు సెయింట్ మిస్టియర్. ఊరిమీద ఎక్కణ్ణించి చూసినా కనిపించే ఒక వింత గోపురం, దాని వైపు వెళ్ళడానికి జంకే జనం. ఇంతలో ఒక హత్య, లండన్ నించి దిగిన ఒక ఇన్‌స్పెక్టరు. అగాథా క్రిస్టీ నవలల వాసన తగులుతుంది, కానీ పిల్లలు జడుసుకునేంత కాదు.

పై తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, కింది తెర మీద సన్నటి పుల్లతో జవాబు రాయాలి, గీయాలి, లేదా బొమ్మలు జరపాలి. ప్రతి ప్రశ్నకీ దాని కష్టాన్నిబట్టి ‘పికరాట్లు’ అనే మార్కులుంటాయి. తప్పు చెబితే కొన్ని తగ్గుతాయి, అంతకుమించి శిక్ష లేదు. ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు, గడియారం తరమదు. ఎటూ తోచకపోతే సూచనలు కొనుక్కోవచ్చు: ఒక్కో ప్రశ్నకి మూడు, ఒక్కోదానికి ఒక నాణెం. ఆ నాణేలు ఊరి బొమ్మల్లోనే కిటికీల దగ్గర, పీపాల వెనక దాగి ఉంటాయి. అవి లెక్కకి ఇన్నే కాబట్టి దుబారా చేస్తే చివరి దాకా రావు. దాటేసిన ప్రశ్నలు ఎక్కడికీ పోవు, ఒక ముసలమ్మ గుడిసెలోకి చేరతాయి. తీరిక ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళి చూసుకోవచ్చు. మొత్తం ప్రశ్నలు 135. వాటిలో 120 కథలో వచ్చేవి, మిగిలినవి కథ అయ్యాక తెరుచుకునేవి.

ఎందుకు నచ్చుతుంది?

పజిల్ పుస్తకం కొన్నవాళ్ళలో ఎంతమంది చివరి పేజీ దాకా వెళ్తారు? ఇరవయ్యో ప్రశ్నకి విసుగొచ్చి పక్కన పడేస్తాం, లేదా వెనక పేజీ తిప్పి జవాబు చూసేస్తాం. లేటన్ ఆటలో ఈ రెండు జబ్బులకీ మందు ఉంది. జవాబుల పేజీ లేదు. విసుగొచ్చే వేళకి కథలో ఏదో ఒకటి జరుగుతుంది: ఒకరు మాయమవుతారు, ఒక తలుపు తెరుచుకుంటుంది, నడుమనడుమ చేత్తో గీసినట్టుండే కార్టూన్ సినిమా ముక్క వస్తుంది. “ఈ ఒక్కటి విప్పితే ఆ వీధిలోకి వెళ్ళొచ్చు” అన్న ఆశ కూర్చోబెడుతుంది. ఆఫీసుకి రైల్లో పోతూ పది నిమిషాల్లో ఒక ప్రశ్న విప్పి, మూత మూసేస్తే ఆట అక్కడే ఆగి ఉంటుంది. ఉద్యోగస్తులకి ఇది చిన్న సౌకర్యం కాదు. అకార్డియన్ వినిపించే సంగీతం మాత్రం నాకు మొదటి గంట బాగుంది. పదో గంటకి అదే పాట, అదే వరస.

అసలు గొప్ప మరొకటి. ఇది ఒకరు ఆడుతుంటే పక్కన నలుగురు కూర్చోగల ఆట. 2009లో ఇక్కడ ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. పదేళ్ళ మనవడు పెట్టె పట్టుకుని మూడు తోడేళ్ళనీ మూడు కోడిపిల్లల్నీ తెప్ప మీద ఏరు దాటిస్తున్నాడు. తెప్ప మీద ఇద్దరే పడతారు, ఏ ఒడ్డునైనా తోడేళ్ళ సంఖ్య కోడిపిల్లల్ని మించితే తినేస్తాయి. వాడు నాలుగుసార్లు కోడిపిల్లల్ని పోగొట్టుకున్నాక అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి జరిగింది.

“ఒరే, ఇది మన పులీ, మేకా, గడ్డిమోపూ కథే గదరా! అవతలికి తీసుకెళ్ళినదాన్ని ఒకసారి వెనక్కి తేవాలి. నువ్వు అస్తమానం ముందుకే పోతన్నావు.”

“వెనక్కి తెస్తే మళ్ళీ మొదటికొస్తాం కదా అమ్మమ్మా?”

“రాంరా. తెచ్చి చూడు.”

ఆవిడకి ఇంగ్లీషు రాదు. వాడికి తెలుగు రాయడం రాదు. ఆ ప్రశ్న పదకొండు దాటుళ్ళలో తెమిలింది. ఆవిడ చెప్పినట్టే మధ్యలో ఒక కోడిపిల్లనీ, ఒక తోడేలునీ కలిపి వెనక్కి తెచ్చిన చోటే ముడి వీడింది. తోటల్లో పనిచేయడానికి ఉత్తరాంధ్ర నించి వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వాళ్ళం మేం. తోటల్లో ఒకప్పుడున్న తెలుగు బడులు మూతపడ్డాయి. అమ్మమ్మ దగ్గర మనవడికి పనికొచ్చే విషయం ఉందని మనవడికి తెలిసే సందర్భాలు తక్కువ. ఆ సాయంత్రం అటువంటి సందర్భం వచ్చింది. ఇది ఆ జపాన్ కంపెనీ ఉద్దేశించినది కాకపోవచ్చు, కానీ ఈ ఆటకి నేనిచ్చే మార్కుల్లో పెద్ద వాటా దీనికే.

లోటు ఎక్కడ?

కథే ఈ ఆటకి బలం అన్నాం కదా. బలహీనత కూడా సరిగ్గా అక్కడే ఉంది. కథ వేరు, ప్రశ్నలు వేరు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి కుట్టారు గానీ కలిపి నేయలేదు. హత్య జరిగి ఊరంతా అట్టుడుకుతుంటే, దారిలో కనిపించిన పెద్దమనిషి “ఆ సంగతి చెప్తాగానీ ముందు ఈ అగ్గిపుల్లల లెక్క చూడు” అంటాడు. ఆ లెక్కకీ హత్యకీ, ఆ పెద్దమనిషికీ కూడా ఏ సంబంధమూ ఉండదు. దాని బదులు మరో లెక్క పెట్టినా కథలో వెంట్రుకవాసి తేడా రాదు. కొన్ని చోట్ల ఇన్ని ప్రశ్నలు విప్పితే తప్ప ముందుకి పోనివ్వరు. అప్పుడు కథ కోసం ప్రశ్నలు విప్పడం పోయి, టోల్‌గేటు దగ్గర చిల్లర ఏరుకుంటున్నట్టు ఉంటుంది. ఊళ్ళోవాళ్ళందరికీ ఈ చిక్కుప్రశ్నల పిచ్చి ఎందుకన్నదానికి చివర్లో ఒక కారణం చెబుతారు. తెలివైన కారణమే, ఒప్పుకోవాలి. కానీ అది ఊరంతటికీ కలిపి ఒకే సంజాయిషీ. విడివిడిగా ఏ ప్రశ్ననీ అది కథలోకి తీసుకురాదు.

తెలుగువాళ్ళకి ఈ లోటు ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకంటే మనం బేతాళ కథలు విని పెరిగాం. 1947 జూలైలో మొదలైన చందమామ ఎన్ని తరాల పిల్లలకి ఆ కథలు అందించిందో చెప్పక్కర్లేదు. అక్కడ కూడా కథా, ప్రశ్నా రెండూ ఉన్నాయి. కానీ బేతాళుడు కథంతా చెప్పాకనే ప్రశ్న వేస్తాడు. ఆ కథ వినకపోతే ఆ ప్రశ్నే లేదు. ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పది అని అడిగితే, ముగ్గురూ ఏం చేశారో మనసులో తిప్పుకోవాలి. పైగా జవాబు చెప్పడం కూడా కథలో భాగమే: తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే సరైన జవాబు చెప్పిన ప్రతిసారీ విక్రమార్కుడికి పని మొదటికొస్తుంది. లేటన్‌కి సరైన జవాబు వల్ల వచ్చేది పికరాట్లు మాత్రమే.

లెక్కల్లో కూడా మనకి ఇటువంటి అల్లిక ఉంది. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో నెమలి, పాము లెక్క చూడండి. తొమ్మిది మూరల స్తంభం, దాని మొదట్లో పాము పుట్ట. స్తంభం మీద నెమలి కూర్చుని ఉంది. పుట్టకి ఇరవైఏడు మూరల దూరంలో పాము, పుట్ట వైపు వస్తోంది. నెమలి ఏటవాలుగా దూకింది; రెండూ సమానమైన దూరం పోయి కలిశాయి. పుట్టకి ఎన్ని మూరల దూరంలో? ఇక్కడ నెమలినీ పామునీ తీసేస్తే లెక్క చప్పబడిపోతుంది. నెమలి ఏటవాలుగానే ఎందుకు దూకాలి, పాము పుట్ట వైపే ఎందుకు రావాలి అన్నవి వాటి స్వభావంలోనే ఉన్నాయి. జవాబు వ్యాసం చివర ఇస్తాను, ముందు ప్రయత్నించండి. మన పావులూరి మల్లన కూడా పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని గుర్తు చేసుకోవచ్చు. లెక్కని కథగా చెప్పడం మనకి కొత్తేమీ కాదు.

రెండో లోటు మాటల మెలికలు. వెలుగుతున్న పది కొవ్వొత్తుల్లో గాలికి కొన్ని ఆరిపోతాయి, కిటికీ మూసేస్తారు, చివరికి మిగిలేవి ఎన్ని అని ఒక ప్రశ్న ఉంది. వెలుగుతున్నవి కరిగిపోతాయి కాబట్టి ఆరిపోయినవే మిగులుతాయి. చెట్టు మీద పది పిట్టలుంటే ఒకదాన్ని తుపాకీతో కొడితే ఎన్ని మిగిలాయి అని మనం అడిగే కొంటె ప్రశ్న జాతిదే. సరదాకి ఒకటీ రెండూ బాగుంటాయి. కానీ మార్కులు పోయే చోట ఇవి పెడితే, ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని పిల్లవాడు లెక్క తప్పాడా, మాట తప్పుగా అర్థం చేసుకున్నాడా తెలియదు. దానికి భిన్నంగా, ఒక సూక్ష్మజీవి నిమిషానికి రెండింతలై గంటలో సీసా నిండితే, రెండింటితో మొదలుపెడితే ఎంతసేపట్లో నిండుతుంది అన్న ప్రశ్న చూడండి. చాలామంది నోటికి మొదట వచ్చే జవాబు అరగంట. అసలు జవాబు 59 నిమిషాలు. ఇక్కడ మోసం ఏమీ లేదు, మన తొందరే మనల్ని పడేస్తుంది. ఈ రెండు రకాల మధ్య ఉన్న తేడాని ఆట పట్టించుకోదు. కష్టం కూడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకటి చిటికెలో అయిపోతే దాని పక్కదే పూట తినేస్తుంది.

ఇక పునరుక్తి. చదరంగం బల్ల మీద ఒకదాన్నొకటి కొట్టకుండా రాణుల్ని పెట్టడం 1848 నించి ఉన్న ప్రసిద్ధ సమస్య. దాన్ని చిన్న బల్ల మీద ఒకసారి, కాస్త పెద్ద బల్ల మీద ఇంకోసారి, ఇలా పదేపదే ఇస్తారు. చెక్కలు జరిపే ఆటలూ అంతే. ఇంకొకటి: ఒకసారి జవాబు తెలిశాక ఆ ప్రశ్నతో పని అయిపోయినట్టే. కథ కూడా తెలిసిపోయింది కాబట్టి రెండోసారి ఆడటానికి ఏమీ మిగలదు. తెర మీదే చిత్తు లెక్క వేసుకునే సౌకర్యం రెండో గేమ్‌లో వచ్చింది. మొదటిదానికి పక్కన కాగితం, పెన్సిలు ఉండాల్సిందే. నాకు ఇది లోటుగా తోచలేదు, పిల్లల చేత కాగితం పట్టించింది గదా.

మా ఊరి గోపురం

ప్రశ్న ఊరిలోంచే పుట్టడమంటే ఏమిటో చెప్పడానికి ఉదాహరణ దూరం వెళ్ళి వెతకక్కర్లేదు. సెయింట్ మిస్టియర్‌కి ఉన్నట్టే తెలుక్ ఇంటాన్‌కీ ఒక వింత గోపురం ఉంది. 1885లో లియాంగ్ చూన్ చాంగ్ అనే చైనా కాంట్రాక్టరు కట్టిన గడియారపు గోపురం, ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంటుంది. అప్పటికి ఈ ఊరి పేరు తెలుక్ ఆన్సన్. ఇప్పటి పేరు 1982లో వచ్చింది. ఎత్తు 25.5 మీటర్లు. వీధిలోంచి చూసి అంతస్తులు లెక్కపెట్టండి: ఎనిమిది. లోపలికి వెళ్ళి మెట్లెక్కుతూ లెక్కపెట్టండి: మూడే.

మిగతా అయిదు ఏమయ్యాయి? ఇది పర్యాటకులు నవ్వుకుని పోయే వింత మాత్రమే కాదు, నికార్సయిన చిక్కుప్రశ్న. బయట పగోడా తీరులో చూరులు వరసగా పేర్చారు, వాటిని చూసి కన్ను ఎనిమిది అంటుంది. చూరు ఉన్నంతమాత్రాన లోపల గది ఉండాలని లేదు. ఇక ఎందుకు ఒరిగింది? ఊరికి నీళ్ళివ్వడానికి పైన నీటితొట్టి పెట్టారు, కింద నేల మెత్తన. పేరాక్ నది వంపులో ఉన్న ఊరు కదా. ఒక పిల్లవాడు ఈ రెండు ప్రశ్నలూ విప్పుకుంటే గోపురం ఏమిటో, ఊరు ఎక్కడుందో, నీళ్ళెలా వచ్చేవో అన్నీ తెలుస్తాయి. ఈ ప్రశ్నని తీసి ఇంకో ఊళ్ళో పెట్టలేరు. లేటన్ ఆటలో నాకు దొరకనిది ఇదే.

గేముల కంపెనీల్లో పనిచేసే మన యువతకి ఒక మాట. ఇటువంటి ఆటని తెలుగులోకి తేవాలంటే మాటలు తర్జుమా చేస్తే చాలదు. మాట మీద నడిచే ప్రశ్నలు భాష దాటితే చచ్చిపోతాయి, కొత్తవి కట్టాలి. మనకి పొడుపుకథలున్నాయి, సమస్యాపూరణాలున్నాయి, బేతాళుడున్నాడు. సరుకుకి కొదవ లేదు. పూనుకునేవాళ్ళు కావాలి.

ఇప్పుడు ఆడాలంటే

నింటెండో డీఎస్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత కార్డులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. అవి తరవాత వచ్చిన 3డీఎస్ పెట్టెలో కూడా పనిచేస్తాయి. వారంవారం కొత్త ప్రశ్న ఇచ్చే ఇంటర్నెట్ సేవ 2014 మేలో మూసేశారు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. తేలికైన దారి 2018లో ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం వచ్చిన హెచ్‌డీ రూపం. ఒకసారి కొంటే చాలు. వీలైతే ఫోన్ కన్నా టాబ్లెట్ మీద ఆడండి, పక్కన ఇంకొకరు కూర్చుని చూడాలంటే పెద్ద తెర కావాలి. తెలుగు లేదు, ఇంగ్లీషు కాస్త ధారాళంగా చదవగలిగిన పదేళ్ళ పిల్లలకి సరిపోతుంది. అంతకన్నా చిన్నవాళ్ళయితే ప్రశ్న చదివి తెలుగులో చెప్పే పని మీరు తీసుకోండి. తాతయ్యో, అమ్మమ్మో ఇంట్లో ఉంటే తోడేళ్ళ ప్రశ్న వచ్చినప్పుడు పిలవండి. రాణుల ప్రశ్నలకి పిలవకండి, వంట మాడుతుంది.

నెమలి, పాము లెక్కకి జవాబు: పుట్టకి 12 మూరల దూరంలో కలుస్తాయి. పాము నడిచింది 27 లోంచి 12 పోగా 15 మూరలు. నెమలి దూకిన ఏటవాలు కూడా 9, 12 భుజాలుగా గల లంబకోణ త్రిభుజంలో కర్ణం కాబట్టి 15 మూరలే.